శ్వాస రహస్యాన్వేషి జాన్ స్కాట్ హాల్డేన్

ఊపిరి బిగబట్టి కూర్చున్నవారికి ఒక నిమిషం గడిచేసరికి ఛాతీలో బరువు, గొంతులో ఉక్కిరిబిక్కిరి బయలుదేరుతాయి. ఇక ఆగలేక నోరు తెరచి గాలి పీల్చుకుంటారు. ఒంట్లో ప్రాణవాయువు తరిగిపోవడం వలననే ఈ బాధ కలిగిందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ముఖ్యంగా ఆ బాధను కలిగించేది రక్తంలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువు. ఆ వాయువు పెరుగకుండా ప్రాణవాయువు మాత్రమే తరిగిన గాలిలో మనిషిని కూర్చుండబెడితే అతనికి చెప్పుకోదగిన కష్టమేమీ తోచకపోవచ్చు. పైగా కొందరికి ఒక విధమైన ఉల్లాసం కూడ కలుగుతుంది. తెలివి తప్పుతున్నదని తెలిసికొనే తెలివే ముందుగా పోతుంది. పిమ్మట మనిషి కూలిపోతాడు.

పాడుబడిన బావిలో దిగినవాడు కేక అయినా వేయకుండా పడిపోవడం, అతనిని రక్షించడానికి దిగిన రెండవవాడు కూడ అతని ప్రక్కనే ఒరిగిపోవడం మన పల్లెలలో వినని సంగతి కాదు. ఈ నిశ్శబ్ద మరణం ఎట్లా సంభవిస్తుందో, మన శరీరం దేనిని పసిగడుతుందో, దేనిని పసిగట్టలేదో శోధించడానికి తన జీవితంలో ఏబది ఏండ్లు వెచ్చించిన మహనీయుడు జాన్ స్కాట్ హాల్డేన్. ఉర్దూలో దమ్ అంటే ఊపిరి. ప్రాణమనీ, క్షణమనీ కూడ దానికి అర్థాలున్నాయి. మన తెలుగువారు ఆ మాటను దమ్ముగా మార్చి ధైర్యానికి వాడుకుంటున్నారు. ఈ అర్థాలన్నీ హాల్డేన్ జీవితానికి సరిపోతాయి.

ఆయన 1860 మే నెలలో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించారు. సంపన్న కుటుంబం. అన్న రిచర్డ్ బ్రిటన్ మంత్రివర్గంలో యుద్ధమంత్రిగాను, పిమ్మట లార్డ్ ఛాన్సలర్‌గాను ప్రసిద్ధి పొందారు. మేనమామ బర్డన్ శాండర్సన్ ఆక్స్‌ఫర్డులో శరీరధర్మ శాస్త్రాచార్యులు. జాన్ ఎడింబరోలో వైద్యవిద్య అభ్యసించి 1884లో పట్టం పుచ్చుకున్నారు. కాని రోగుల నాడి పట్టి ధనార్జన చేయడం ఆయనకు రుచించలేదు. రోగం రాకముందే మనిషి పీల్చే గాలిని పరీక్షించాలన్న కోరిక ఆయనను డండీ పట్టణానికి తీసికొనిపోయింది.

డండీలో జనపనార మిల్లుల కూలీలు ఒకే గది ఇండ్లలో కిక్కిరిసి ఉండేవారు. హాల్డేన్ తన సహచరులతో కలిసి అర్ధరాత్రి దాటిన తరువాత ఆ ఇండ్ల తలుపులు తట్టి, నిద్రిస్తున్న కుటుంబాల నడుమ నిలబడి సీసాలలో గాలి పట్టుకొని వచ్చేవారు. బడుల గాలిని, మురుగు కాలువల గాలిని కూడ అట్లాగే సేకరించారు. 1887లో వెలువడిన ఆ పరిశోధన ఆయన పేరును తొలిసారిగా శాస్త్రలోకానికి తెలిపింది. గాలిని గురించిన శాస్త్రం గాలి ఉన్నచోటనే జరగాలన్న పట్టుదల ఆ రాత్రులలోనే ఆయనకు అలవడినట్లు తోస్తుంది.

అదే సంవత్సరం ఆయన ఆక్స్‌ఫర్డుకు చేరుకున్నారు. ఆ కాలపు వైద్యులలో ఒక నమ్మకం బలంగా ఉండేది. జనం క్రిక్కిరిసిన గదిలో తల తిరగడానికి కారణం మనుషుల ఊపిరి నుండి వెలువడే ఏదో తెలియని విషమని వారు భావించేవారు. దీనిని తేల్చడానికి హాల్డేన్, ఆయన మిత్రుడు లోరెయిన్ స్మిత్ గాలి చొరని ఒక పెట్టెను చేయించి, అందులో గంటల తరబడి కూర్చున్నారు. లోపలి గాలి చెడిపోయినకొద్దీ రొప్పు, తలనొప్పి, వాంతి వచ్చేటంత వికారం కలిగేవి. ఆ తరువాత చేసిన పరీక్షలలో బొగ్గుపులుసు వాయువును రసాయనాలతో పీల్చివేయించి, ప్రాణవాయువు మాత్రమే తరిగేటట్లు చేశారు. అప్పుడు ఆ రొప్పు ఆ స్థాయిలో రాలేదు. తెలియని విషమేదీ లేదని 1893 నాటికి వారు నిరూపించారు. అంతకంటె పెద్ద సంగతి మరొకటి ఆ పెట్టెలో వారికి దొరికింది. మనిషిని ఆయాసపెట్టేది ఒకటి, చంపేది మరొకటి కావచ్చును.

ఈ భేదానికి ఎంత వెల చెల్లించవలసి ఉన్నదో బొగ్గుగనులు ఆయనకు చూపించాయి. మన సింగరేణి ప్రాంతపు విద్యార్థులకు బొగ్గుబావి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. 1896 జనవరి 27న వేల్స్ దేశంలోని టైలర్స్‌టౌన్ గనిలో ప్రేలుడు జరిగి 57 మంది కార్మికులు మరణించారు. హాల్డేన్ హుటాహుటిన అక్కడికి వెళ్లి శవాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. ప్రేలుడులో కాలిపోయి, నలిగిపోయి చనిపోయినవారు కొద్దిమందే. ఎక్కువమంది శరీరాలపై ప్రాణం తీసేటంత గాయాలు లేవు. చర్మం మాత్రం ఎర్రబారి, ఆరోగ్యవంతుల చర్మం వలె కనిపించింది. ఆ ఎరుపు కార్బన్ మోనాక్సైడ్ గుర్తు. ప్రేలుడు తరువాత గనిలో వ్యాపించిన ఆ వాయువే వారిని చంపిందని ఆయన బ్రిటిష్ ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో తేల్చి చెప్పారు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోసికొనిపోయే బండి అనుకుంటే, ఈ వాయువు ఆ బండిలోని ఆసనాలను ఆక్రమించి దిగదు. ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. హాల్డేన్ దీనిని గ్రంథాలలో చదివి ఊరుకోలేదు. 1895లోనే తన ప్రయోగశాలలో ఆ వాయువును తానే పీల్చి, నడుమ నడుమ తన రక్తపు చుక్కలు తీసి పరీక్షించుకుంటూ, కలిగిన మార్పులను వ్రాసికొన్నారు. రక్తంలో దాదాపు సగం ఆ విషంతో నిండేవరకు ఆయన ఆపలేదు. చూపు మసకబారింది, కాళ్లు తడబడ్డాయి. కాని కదలకుండా కూర్చున్నంతసేపు ఊపిరాడని బాధ అన్నది కలుగలేదు. గనిలో కార్మికులు పెనుగులాట లేకుండా ఎందుకు చనిపోయారో ఆయనకు తన శరీరమే చెప్పింది.

మరి శరీరం చెప్పని హెచ్చరికను ఎవరు చెప్పాలి? గనులలో దీపం ఒకటి ఉండేది. గాలిలో ప్రాణవాయువు సుమారు 17 శాతానికి తగ్గితే దీపం ఆరిపోతుంది. మనిషి అప్పటికింకా పడిపోడు కనుక వెనుకకు మరలవచ్చును. పూర్వం బావిలోకి ముందుగా దీపం దింపి చూచేవారి తెలివి ఇదే. అయితే కార్బన్ మోనాక్సైడ్ కొద్దిపాటి కలిసిన గాలిలో దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. అందువలన హాల్డేన్ చిన్న ప్రాణులను వెంట తీసికొనిపొమ్మని సూచించారు. ఎలుక గాని, కెనరీ పిట్ట గాని తన శరీరపు బరువుతో పోల్చితే మనిషికంటె ఎంతో ఎక్కువ గాలి పీల్చుతుంది, దాని రక్తం త్వరగా విషంతో నిండుతుంది. పిట్ట దండెం మీద తూలిందంటే మనిషికి ఇంకా కొన్ని నిమిషాల వ్యవధి ఉన్నదన్న మాట. పడిపోయిన పిట్టను తిరిగి బ్రతికించడానికి చిన్న ప్రాణవాయువు సిలిండరు అమర్చిన పంజరాలు కూడ వాడుకలోకి వచ్చాయి. బ్రిటన్ గనులలో ఈ పిట్టలకు ఉద్వాసన చెప్పి యంత్రాలను పెట్టాలని నిర్ణయించింది 1986లో. ఒక సూచన అంతకాలం నిలవడం సామాన్య విషయం కాదు.

హాల్డేన్ 1891లో లూయిసా కాథ్లీన్ ట్రాటర్‌ను వివాహమాడారు. వారికి ఇద్దరు సంతానం. కుమార్తె నయోమీ తరువాతి కాలంలో పేరుపొందిన నవలా రచయిత్రి. కుమారుడు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ జన్యుశాస్త్రంలో తండ్రిని మించిన కీర్తి గడించారు. తండ్రి ఆ పిల్లవానిని చిన్ననాటినుండి తన ప్రయోగాలకు వెంట తీసికొనిపోయేవారు. ఒకనాడు గనిలో మండే వాయువు పేరుకున్న చోట అతనిని నిలబెట్టి, షేక్‌స్పియర్ రచించిన జూలియస్ సీజర్ నాటకంలో ఆంటొనీ ప్రసంగాన్ని అప్పజెప్పమన్నారు. కొన్ని పంక్తులు చదివేసరికి పిల్లవాడు ఆయాసపడి కూలిపోయాడు. ఆ వాయువు గాలికంటె తేలిక కనుక పైభాగాన నిలుస్తుంది. నేలమీద పడగానే మంచి గాలి అంది తేరుకున్నాడు. ఈ పాఠం ఆ కుమారునికి జన్మంతా గుర్తున్నది. తండ్రి ఇట్లా చేయవచ్చునా అని నేటి తల్లిదండ్రులు ఆక్షేపిస్తే కాదనలేము. తాను పీల్చని గాలిని మాత్రం ఆయన ఇతరులచేత పీల్పించలేదు.

1905లో ఆయన, జాన్ ప్రీస్ట్లీ కలిసి ప్రకటించిన పరిశోధన శ్వాసశాస్త్రంలో ఒక మలుపు. ఊపిరితిత్తుల లోతున ఉండే వాయుగోణులలోని గాలిని పట్టుకోవడం ఎట్లా అన్నది అప్పటివరకు సమస్య. హాల్డేన్ ఉపాయం మిక్కిలి సులువైనది. పొడవైన గొట్టంలోకి మనిషిచేత ఒక్కసారిగా బలంగా ఊదించి, చివరకు వచ్చిన గాలిని నోటి దగ్గరనే పట్టుకున్నారు. చివరగా వచ్చేది లోతునుండి వచ్చేదే గదా. ఈ గొట్టంతో వారు ఆక్స్‌ఫర్డులోను, స్కాట్లండులోని బెన్ నెవిస్ పర్వత శిఖరం మీదను, కార్న్‌వాల్‌లోని డాల్కోత్ గని అడుగునను, గాలి ఒత్తిడి పెంచిన గదిలోను పరీక్షలు జరిపారు. అన్నిచోట్ల వాయుగోణులలో బొగ్గుపులుసు వాయువు పీడనం దాదాపు ఒక్కటే, సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసం. అది 0.2 శాతం పెరిగితే చాలు, ఊపిరితిత్తులలోకి చేరే గాలి రెట్టింపు అవుతుంది. ప్రాణవాయువు సంగతి వేరు. పీల్చే గాలిలో దాని పాలు 21 నుండి సుమారు 13 శాతానికి పడిపోతే గాని శ్వాస గమనించదగినంతగా పెరుగలేదు.

అంటే మనలోని శ్వాసకేంద్రం వ్యర్థపదార్థాన్ని బహు జాగ్రత్తగా తూచుతున్నది, ప్రాణాధారమైన వాయువు విషయంలో మాత్రం ఆలస్యంగా మేలుకుంటున్నది. ఇది ప్రకృతి చేసిన పొరపాటు కాదు. సామాన్య జీవితంలో ఈ రెండూ కలిసే మారుతాయి. ఒకటి తగ్గితే మరొకటి పెరుగుతుంది. కాన ఒకదానిని కాపలా కాస్తే రెండవది కూడ కాపాడబడుతుంది. గనులు, ఎత్తయిన పర్వతాలు, మూతపడిన బావులు ఆ జంటను విడదీస్తాయి. ప్రమాదమంతా అక్కడనే ఉన్నది. చెరువులో మునగడానికి ముందు గబగబా పదిమార్లు గాలి పీల్చి వదిలే కుర్రవాళ్లు కూడ ఆ జంటను విడదీస్తున్నవారే. అట్లా చేయడం వలన ప్రాణవాయువు చెప్పుకోదగినంత పెరుగదు, బొగ్గుపులుసు వాయువు మాత్రం తరిగిపోతుంది. నీటి అడుగున ఊపిరికోసం ఆరాటం పుట్టకముందే స్పృహ తప్పవచ్చును. ఈత సరదా ఉన్న మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1911లో హాల్డేన్ మిత్రబృందంతో అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరం చేరుకున్నారు. ఎత్తు 4300 మీటర్లు. అక్కడి గాలి పీడనం 760కి బదులు సుమారు 460 మిల్లీమీటర్లు మాత్రమే. పళ్ల రైలులో సరదాగా పైకి వచ్చిన యాత్రికులు పెదవులు నీలమై, వాంతులు చేసికొని, సొమ్మసిల్లి పడడం వారు రోజూ చూచేవారు. శాస్త్రజ్ఞులకు కూడ మొదటి రోజులు అట్లాగే గడిచాయి. పిమ్మట శరీరం సర్దుకున్నది. శ్వాస లోతయింది. వాయుగోణులలో బొగ్గుపులుసు వాయువు దాదాపు మూడవ వంతు తగ్గింది. ఐదు వారాలలో రక్తంలో హీమోగ్లోబిన్ పెరుగుతూ పోయింది.

ఈ యాత్రలో మేబుల్ ఫిట్జెరాల్డ్ అనే మహిళ పాలుపంచుకున్నారు. శిఖరం మీది బసలో పురుషులు ఉన్నారు. ఆమె పరికరాలు వెంట తీసికొని కొలరాడో రాష్ట్రంలోని గనుల పట్టణాలు ఒంటరిగా తిరిగి, అక్కడ చిరకాలంగా నివసించే ప్రజల శ్వాసను, రక్తాన్ని పరీక్షించారు. 1913లో వెలువడిన ఆమె ఫలితాలు ఒక విధంగా శిఖరం మీది ఫలితాలకంటె విలువైనవి. ఎత్తు పెరిగినకొద్దీ, ప్రాణవాయువు కొద్దిగా తరిగినా సరే, ఆ లోటు నిలకడగా ఉంటే శరీరం దానిని నెమ్మదిగా లెక్కలోకి తీసికొంటున్నదని అవి చూపించాయి. ఇంతటి పని చేసిన ఆమెకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం పట్టం ఇచ్చింది 1972లో, ఆమె నూరేండ్ల వయసులో. మన కళాశాల విద్యార్థినులు ఆమె పేరును కూడ హాల్డేన్ పేరుతోపాటు జ్ఞాపకం ఉంచుకోవాలని నా అభిప్రాయం.

ఇంతటివాడు ఒకచోట పట్టు విడువలేక పోయారు. ప్రాణవాయువు చాలనప్పుడు ఊపిరితిత్తులు దానిని గ్రంథివలె స్వయంగా రక్తంలోకి నెట్టుతాయని ఆయన విశ్వసించారు. డెన్మార్కుకు చెందిన ఆగస్ట్ క్రోగ్, మేరీ క్రోగ్ దంపతులు 1910లోనే దీనిని కాదన్నారు. 1920లో కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ ఒక గాజు గదిలో పలుచని గాలి పీల్చుతూ ఆరు రోజులు గడిపి, తన చేతి ధమనినుండి రక్తం తీయించి, అందులోని ప్రాణవాయువు ఊపిరితిత్తులలోని గాలికి మించి లేదని చూపించారు. అయినా హాల్డేన్ చివరివరకు తన మాట వదలలేదు. కంటితో చూచిన దానినే నమ్మాలని లోకానికి నేర్పిన మనిషి ఇక్కడ ఎందుకు తటపటాయించారో చెప్పడం కష్టం. శరీరం తన క్షేమాన్ని తానే చూచుకొనే జీవంతమైన ఏకత్వమన్న తాత్విక విశ్వాసం ఆయనలో బలంగా ఉండేది. బహుశా అదే అడ్డుపడి ఉండవచ్చును.

సముద్రంలో లోతుకు దిగేవారు అంచెలంచెలుగా పైకి రావాలని 1908లో ఆయన రూపొందించిన పట్టికలు ఎందరో గజ ఈతగాళ్లను రక్షించాయి. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ రణరంగంలో జర్మన్ సైన్యం విషవాయువు వదలినప్పుడు ఆయన ఫ్రాన్సుకు వెళ్లి అది క్లోరిన్ అని నిర్ధారించారు. ఊపిరితిత్తులు దెబ్బతిని నీలమైపోయిన సైనికులకు ప్రాణవాయువును సక్రమంగా అందించే పరికరాన్ని సిద్ధం చేసి, 1917లో ఆ చికిత్సను గురించి వ్రాశారు. నేటి ఆసుపత్రులలో మంచం ప్రక్కన కనిపించే ప్రాణవాయువు సిలిండరుకు పూర్వచరిత్ర ఇందులో ఉన్నది. ఆక్స్‌ఫర్డులో ఆచార్య పీఠం మాత్రం ఆయనకు దక్కలేదు. గనుల పరిశోధనాలయానికి సంచాలకులుగా మొదట డాన్‌కాస్టరులో, పిదప బర్మింగ్‌హాములో పనిచేశారు. 1934లో రాయల్ సొసైటీ వారి కోప్లే పతకం లభించింది. డెబ్బదిఐదేండ్ల వయసులో ఇరాన్, ఇరాక్ దేశాలకు వెళ్లి చమురు శుద్ధి కర్మాగారాలలో కార్మికుల వడదెబ్బను పరిశీలించి తిరిగివచ్చి, 1936 మార్చి నెల నడుమ ఆక్స్‌ఫర్డులో కన్నుమూశారు.

శరీరం ప్రాణవాయువు లోటును ఏ అవయవంతో గుర్తిస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఆయన జీవితపు చివరి సంవత్సరాలలోనే బయటపడుతున్నది. మాడ్రిడ్‌లో ఫెర్నాండో ద కాస్ట్రో మెడలోని కరోటిడ్ ధమని రెండుగా చీలేచోట ఉన్న చిన్న కణపుంజాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించి, అది రక్తపు రుచి చూచే జ్ఞానాంగమని ఊహించారు. బెల్జియంలోని ఘెంట్ నగరంలో కార్నీల్ హైమాన్స్ తన తండ్రితో మొదలుపెట్టిన ప్రయోగాల ద్వారా ఆ ఊహ నిజమని నిరూపించి 1938 నోబెల్ బహుమతి పొందారు. ద కాస్ట్రోకు అందులో వాటా దక్కలేదు. బియ్యపుగింజంత ఉండే ఆ అంగం మెడకు చెరియొక ప్రక్క ఒకటి ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువు పీడనం తగ్గినప్పుడు దాని కణాలలో పొటాషియం బయటకు పోయే దారులు మూసికొని, కాల్షియం లోపలికి ప్రవేశించి, నాడి చివరలకు సంకేతం అందుతుంది. తొమ్మిదవ కపాలనాడి ఆ వార్తను మజ్జాముఖానికి చేరవేస్తుంది. సాధారణంగా 100కు దగ్గరగా ఉండే ఆ పీడనం 60 మిల్లీమీటర్లకు దిగితేనే ఈ కావలివాడు గట్టిగా కేకవేస్తాడు. ఇంతలో శ్వాస పెరిగి బొగ్గుపులుసు వాయువు బయటకు పోవడం వలన ఆ కేకను మెదడు కొంత అణచివేస్తుంది. మూత్రపిండాలు కొద్ది రోజులలో రక్తపు క్షారాన్ని సరిదిద్దిన తరువాతనే శ్వాసకు పూర్తి స్వేచ్ఛ లభిస్తుంది. పైక్స్ పీక్ మీద మొదటి రోజుల అవస్థకు ఒక ముఖ్యకారణం ఇది.

టైలర్స్‌టౌన్ కార్మికుల మరణానికి కూడ ఇక్కడనే వివరణ ఉన్నది. ఈ అంగం కొలిచేది రక్తంలో కరిగి ఉన్న ప్రాణవాయువు పీడనాన్ని. హీమోగ్లోబిన్ మోస్తున్న మొత్తాన్ని కాదు. కార్బన్ మోనాక్సైడ్ హీమోగ్లోబిన్‌ను దోచుకున్నా కరిగిన ప్రాణవాయువు మామూలుగానే ఉంటుంది. కావలివానికి అంతా సవ్యంగానే తోస్తుంది. వ్రేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు సైతం ఆ ఎర్రని రక్తాన్ని చూచి మంచి రక్తమనే అంకె చూపుతుంది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ సోకిన కొందరు, ప్రాణవాయువు ప్రమాదకరంగా తగ్గినా మామూలుగా మాట్లాడుతూ ఉండడం చూచి ప్రజలు ఆశ్చర్యపోయారు. బొగ్గుపులుసు వాయువు పెరుగనప్పుడు ఆయాసం అంతగా తెలియదన్న హాల్డేన్ నాటి పాఠం అందుకు చాలవరకు సమాధానం.

పర్వతం మీద రక్తం ఎందుకు చిక్కబడుతుందో తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ప్రాణవాయువు ఉన్నంతసేపు కణాలలో ఒక ప్రోటీను పుట్టినది పుట్టినట్లే నశింపజేయబడుతుంది. లోటు ఏర్పడినప్పుడు అది బ్రతికి, అవసరమైన జన్యువులను మేలుకొలుపుతుంది. మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ విడుదల చేస్తాయి, ఎముకల మజ్జ ఎర్రకణాలను పెంచుతుంది. దీనిని కనుగొన్నందుకు 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. వారిలో రాట్‌క్లిఫ్ పరిశోధన సాగించినది హాల్డేన్ నివసించిన ఆక్స్‌ఫర్డులోనే.

గనిలో నాటక ప్రసంగం అప్పజెప్పిన ఆ కుమారుడు 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం స్వీకరించి, మొదట కలకత్తాలోను తరువాత భువనేశ్వర్‌లోను పరిశోధన చేశారు. తండ్రివలె తన శరీరంపై ప్రయోగాలు చేసికొనడం ఆయన కూడ మానలేదు. 1964 డిసెంబరు 1న మరణించినప్పుడు, ఆయన వ్రాసిన వీలునామా ప్రకారం భౌతికకాయాన్ని వైద్యవిద్యార్థుల అధ్యయనానికి కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.